19 తప్పులున్న డేకేరా, సున్నా ఉన్న డేకేరా, లేక తెలిసిన ఆంటీ ఇల్లా?

ప్రశ్న: అక్కా, మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం, బాబుకి 8 నెలలు. ఇన్నాళ్ళూ అత్తయ్యగారు చూసుకున్నారు, విజిటర్ వీసా మీద ఆరు నెలలు అయిపోవస్తోంది, వచ్చే నెల గుంటూరు వెళ్ళిపోతున్నారు. ఇద్దరం ఉద్యోగాలే కాబట్టి డేకేర్ తప్పదు. మూడు చూసాం. మొదటిది నా ఆఫీస్ దగ్గర, చాలా ఏళ్ళ నించి ఉన్నది, స్టేట్ వెబ్‌సైట్‌లో చూస్తే ఐదేళ్ళలో 19 డెఫిషియన్సీలు, అంటే ఇన్‌స్పెక్టర్ రాసిన తప్పులు, ఉన్నాయి, చూడగానే గుండె ఆగినంత పనైంది. రెండోది కొత్తది, తెరిచి ఏడాది కూడా కాలేదు, ఒక్క తప్పూ లేదు, బిల్డింగ్ మెరిసిపోతోంది. మూడోది మా కమ్యూనిటీలో ఒక తెలుగు ఆంటీ, ఇంట్లోనే నలుగురైదుగురు పిల్లల్ని చూస్తారు, పప్పన్నం పెడతారు, ఆవిడ పేరు వెబ్‌సైట్‌లో ఎక్కడా లేదు. మా ఆయన కొత్తదాంట్లో వేద్దాం అంటారు, అత్తయ్యగారు ఆంటీయే నయం అంటారు, నాకేమో నిద్ర పట్టట్లేదు. ఆ 19లో కొన్ని కింద కాపీ చేసి పెడుతున్నా, చూసి చెప్పు. ఇంకో రెండు, అత్తయ్యగారు బాబుని ఆవాల దిండు మీద పడుకోబెడతారు, డేకేర్‌లోనూ అలాగే పెట్టమనొచ్చా? చేర్చాక ఏదైనా తేడాగా అనిపిస్తే ఏం చెయ్యాలి, హెచ్‌1బీ మీద ఉన్నాం, కంప్లైంట్ ఇస్తే మనకేమైనా అవుతుందా?

సమాధానం:

తల్లీ, ముందు ఆ 19 అనే నంబర్‌ని కాసేపు పక్కన పెట్టు. అది పరీక్ష పేపర్ మీద మార్కు కాదు. నీకు పనికొచ్చేది ప్రతి డెఫిషియన్సీ పక్కన ఇన్‌స్పెక్టర్ రాసిన ఆ రెండు మూడు లైన్లు, తేదీలు, అదే తప్పు మళ్ళీ వచ్చిందా లేదా అన్నది. నువ్వు కాపీ చేసి పంపడం చాలా మంచి పని చేసావు, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది గూగుల్ రివ్యూలు యాభై చదువుతారు గానీ స్టేట్ పెట్టిన రిపోర్ట్ ఒక్కటి తెరిచి చూడరు, ఆ రివ్యూల్లో ఉండేది టీచర్లు స్వీట్‌గా మాట్లాడతారు, పార్కింగ్ బాగుంది, ఇంతే కదా.

అసలు ఇదంతా వెబ్‌సైట్‌లో మనకి ఎందుకు కనిపిస్తోందంటే, 2014లో అమెరికాలో చైల్డ్ కేర్ గ్రాంట్ చట్టాన్ని మార్చినప్పుడు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు పేరెంట్స్‌కి అర్థమయ్యేలా ఆన్‌లైన్‌లో పెట్టాలని అన్ని స్టేట్స్‌కీ రూల్ పెట్టారు, లైసెన్స్ ఇచ్చే ముందు ఒకసారి వెళ్ళి చూడాలి, ఆ తర్వాత ఏడాదికి కనీసం ఒకసారి చెప్పకుండా వెళ్ళాలి, స్టాఫ్‌కి వేలిముద్రలతో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చెయ్యాలి, ఐదేళ్ళకోసారి అది మళ్ళీ చెయ్యాలి. టెక్సాస్‌లో ఈ పని చూసేది హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్‌లో చైల్డ్ కేర్ రెగ్యులేషన్ అనే విభాగం. నువ్వు చూసిన సెర్చ్ టెక్సాస్ చైల్డ్ కేర్ సైట్ వాళ్ళదే, ఐదేళ్ళ చరిత్ర ఉంటుంది అందులో.

అక్కడ ప్రతి తప్పు పక్కనా హై, మీడియం హై, మీడియం, మీడియం లో, లో అని ఉంటుంది చూసావా, దాన్ని చూసి చాలామంది కంగారు పడతారు. ఆ బరువు రూల్‌ది, జరిగిన సంఘటనది కాదు. అంటే ఆ రూల్ తప్పితే పిల్లలకి ఎంత ప్రమాదం ఉండొచ్చు అని ముందే పెట్టుకున్న లెక్క అది. ఆ రూల్ కింద జరిగింది చిన్నదీ అయ్యుండొచ్చు, ఒళ్ళు జలదరించేదీ అయ్యుండొచ్చు, రెండిటికీ పక్కన హై అనే ఉంటుంది. అందుకే లైన్లు చదవమంటున్నా.

ఇప్పుడు నువ్వు పంపినవి చూద్దాం. ఒక టీచర్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ రెన్యువల్ కొన్ని రోజులు లేటు, తర్వాత వచ్చేసింది. ఇద్దరు పిల్లల ఫైల్లో డాక్టర్ ఇచ్చే హెల్త్ స్టేట్‌మెంట్ లేదు. ప్లేగ్రౌండ్‌లో ఉయ్యాల కింద, పడితే దెబ్బ తగలకుండా వేసే చెక్క పొట్టు, మల్చ్ అంటారు, దాని లోతు తగ్గింది. క్లీనింగ్ స్ప్రే ఉన్న అలమరకి తాళం వెయ్యలేదు, ఇన్‌స్పెక్టర్ అక్కడుండగానే వేసారు, అందుకే కరెక్టెడ్ ఎట్ ఇన్‌స్పెక్షన్ అని ఉంది. ఇవన్నీ తప్పులే, వద్దనను, స్ప్రే సంగతి అస్సలు తేలిగ్గా తీసుకునేది కాదు, కానీ రోజూ వంద మంది పిల్లలు తిరిగే చోట ఐదేళ్ళలో ఇలాంటివి అసలు లేకపోతేనే నేను ఆశ్చర్యపోతా. వీటి గురించి నువ్వు నిద్ర మానుకోవక్కర్లేదు.

నువ్వు అంత పట్టించుకోకుండా మధ్యలో పెట్టినవి రెండు ఉన్నాయి, నాకు కావాల్సినవి అవే. ఒకటి, పసిపిల్లలుండే ఇన్‌ఫంట్ రూమ్‌లో ఒక బేబీ ఊగే కుర్చీలాంటి స్వింగ్‌లోనే నిద్రపోయింది, తీసి క్రిబ్‌లో పడుకోబెట్టలేదు. ఏడాది తిరక్కుండా మళ్ళీ అదే రూమ్‌లో అదే తప్పు, ఈసారి అలాంటి సీటే అయిన బౌన్సర్‌లో. ఇది చదివి ఓస్ నిద్రేగా పోయింది, మంచిదేగా అనుకునేవాళ్ళు ఉంటారు, మనింట్లో అయితే ఊయల్లో పడుకున్న పిల్లాడిని ఎవరైనా లేపుతారా. కానీ స్వింగ్‌లో, కార్ సీట్‌లో నిద్రపోయిన పసిపిల్లలకి తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గొంతు దగ్గర గాలి దారి మడత పడుతుంది, వాడికి తల ఎత్తే బలం ఉండదు, ఏడవడు కూడా, చూసేవాళ్ళకి హాయిగా పడుకున్నట్టే కనిపిస్తాడు. అందుకే టెక్సాస్ రూల్ ప్రకారం అలా నిద్రపోతే వీలైనంత త్వరగా తీసి క్రిబ్‌లో వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏడాది లోపు పిల్లల క్రిబ్‌లో బిగుతుగా ఉండే షీట్ తప్ప ఇంకేం ఉండకూడదు, దుప్పటి లేదు, దిండు లేదు, బొమ్మ లేదు, డాక్టర్ సంతకం పెట్టిన ఫారం ఉంటే తప్ప గుడ్డలో చుట్టి పడుకోబెట్టకూడదు కూడా.

ఒకసారి జరిగితే కొత్త టీచర్ పొరపాటు అనుకోవచ్చు. అదే రూమ్‌లో రెండోసారి జరిగిందంటే మొదటిసారి చెప్పింది ఎవరూ బుర్రకెక్కించుకోలేదని. పైగా అది నీ కొడుకు వెళ్ళబోయే రూమ్. 19లో నిన్ను ఆలోచింపజెయ్యాల్సింది ఈ జత.

రెండోది ప్లేగ్రౌండ్ సంగతి. రెండేళ్ళ పిల్ల బయటే ఉండిపోయింది, కొన్ని నిమిషాల తర్వాత లోపలికి తీసుకొచ్చారు. ఇది చదివినప్పుడు నువ్వు అడగాల్సింది, ఆ పిల్ల లేదని ఎవరు కనిపెట్టారు? లోపలికి రాగానే టీచర్ పేరు పిలిచి మొహం చూసి లెక్కపెట్టి, ఒకరు తక్కువ అని వెనక్కి పరిగెత్తిందా, లేక పక్క క్లాస్ వాళ్ళో, పికప్‌కి వచ్చిన పేరెంటో చూసారా? మొదటిదైతే తప్పు జరిగినా పట్టుకునే పద్ధతి పనిచేసింది. రెండోదైతే పద్ధతే లేదు. నువ్వు కాపీ చేసిన దాంట్లో తలలు లెక్కపెట్టినప్పుడు తెలిసిందని, సెంటర్ వాళ్ళే స్టేట్‌కి రిపోర్ట్ చేసారని ఉంది. రిపోర్ట్ చెయ్యడం వాళ్ళు మనకి చేసిన ఉపకారమేం కాదు, చెయ్యాలి, అది రూల్. అయినా ఎవరికీ తెలియకుండా తొక్కిపెట్టే చోటు కంటే, తప్పు జరిగిన రోజే ఫోన్ చేసి చెప్పుకున్న చోటుని నేను ఎక్కువ నమ్ముతా. ఆ తర్వాత మూడేళ్ళుగా ఇలాంటిది మళ్ళీ లేదు, అది కూడా వాళ్ళ వైపు రాసుకో.

ఇక కొత్తది, సున్నా ఉన్నది. మీ ఆయనకి చెప్పు, సున్నా అంటే తప్పులు లేవని కాదు, ఇంకా చూడలేదని కూడా అయ్యుండొచ్చు. ఎన్నిసార్లు ఇన్‌స్పెక్షన్ జరిగిందో అదే పేజీలో ఉంటుంది, నాలుగైదుసార్లు వచ్చి చూసాక సున్నా ఉంటే అది గొప్పే, ఒక్కసారి వచ్చి ఉంటే దాన్నిబట్టి ఏం తేల్చలేం. పర్మిట్ రకం దగ్గర ఇనిషియల్ అని ఉందా, ఫుల్ అని ఉందా చూడు. కొత్త సెంటర్‌కి ముందు 6 నెలలకి ఇనిషియల్ పర్మిట్ ఇస్తారు, ఆ కాలంలో ఎలా నడుపుతున్నారో చూసాకే ఫుల్ ఇస్తారు. ఇంకోటి, కొత్తగా తెరిచిన చోట పిల్లలు సగం కూడా నిండి ఉండరు, టీచర్లు ఫ్రెష్‌గా ఉంటారు, అంతా సాఫీగా నడుస్తుంది, అసలు సంగతి రూములు నిండాక, మొదటి బ్యాచ్ టీచర్లు మానేసి వెళ్ళడం మొదలయ్యాక తెలుస్తుంది. వద్దని చెప్పట్లేదు. ఆ మెరిసే బిల్డింగ్‌ని సేఫ్టీ రికార్డు అనుకోవద్దని చెప్తున్నా, అంతే.

ఆంటీ గారి దగ్గరికి వద్దాం, ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోకు.

ఆవిడ మంచావిడే అయ్యుంటారు, పిల్లల్ని ప్రేమగా చూస్తారనే నమ్ముతా, మన భాష మన తిండి అంటే పిల్లాడికీ బాగుంటుంది, మీ అత్తయ్యగారి మనసు నాకు అర్థమవుతుంది. కానీ టెక్సాస్‌లో డబ్బు తీసుకుని రోజూ ఇంట్లో బయటి పిల్లల్ని చూస్తే స్టేట్‌లో పేరు ఉండాలి. ముగ్గురి దాకా అయితే లిస్టెడ్ ఫ్యామిలీ హోమ్, అంతకంటే ఎక్కువైతే రిజిస్టర్డ్ హోమ్, ఇంకా ఎక్కువ, 12 మంది దాకా అయితే లైసెన్స్‌డ్ హోమ్. లిస్టెడ్ హోమ్‌కి కంప్లైంట్ వస్తే తప్ప ఇన్‌స్పెక్టర్ రాడు, రిజిస్టర్డ్ అయితే ఏడాదికో రెండేళ్ళకో వస్తాడు. నలుగురైదుగురు అంటున్నావు కాబట్టి ఆవిడ రిజిస్టర్ చేసుకోవాలి. చేసుకుంటే ఆవిడకే కాదు, ఆ ఇంట్లో ఉండే 14 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. ఆంటీ సంగతి నీకు తెలుసు సరే, పై గదిలో అద్దెకుండే అబ్బాయి సంగతి తెలుసా? వీకెండ్‌కి వచ్చే చుట్టాల సంగతి?

ఒకవేళ నీకు సైట్‌లో పేరు దొరకలేదంటే స్పెల్లింగ్ తేడా ఉండొచ్చు, అడ్రస్‌తో, జిప్ కోడ్‌తో కూడా వెతుకు. అప్పుడూ లేకపోతే ఆవిడనే అడుగు. అడగడానికి మనకి మొహమాటం, తెలుసు, తెలుగువాళ్ళు, రేపు గుళ్ళో కనిపిస్తారు, బతుకమ్మకో ఉగాది పార్టీకో ఎదురుపడతారు. ఆ మొహమాటంతోనే మనవాళ్ళు పిల్లాడు పగలు ఎక్కడ పడుకుంటాడో కూడా అడగకుండా వదిలేసి వస్తున్నారు. మర్యాదగానే అడగొచ్చు, ఆంటీ, రిజిస్ట్రేషన్ ఉందా, పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు, మీకు వంట్లో బాగోకపోతే ఆ రోజు ఎవరు చూస్తారు, పసిపిల్లలకి ఊపిరి ఆగితే చేసే ఇన్‌ఫంట్ సీపీఆర్ నేర్చుకున్నారా అని. ఆవిడ నొచ్చుకుంటే నొచ్చుకోనీ. రిజిస్టర్ చేసుకుంటాను అంటే సంతోషం, నువ్వే పక్కన కూర్చుని ఆన్‌లైన్ అప్లికేషన్ నింపడానికి సాయం చెయ్యి, అయ్యాక ఆలోచిద్దువు. ఇప్పుడున్న పరిస్థితిలో మాత్రం 8 నెలల పిల్లాడిని అక్కడ పెట్టొద్దు.

అత్తయ్యగారికి కూడా ఒక మాట నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే వాడిని ఆవాల దిండు మీద పడుకోబెడతారని రాసావు. తల గుండ్రంగా రావాలని మన ఇళ్ళల్లో తరతరాలుగా చేస్తున్నదే, ఆవిడ ప్రేమని తప్పు పట్టక్కర్లేదు. కానీ డేకేర్‌లో అది పెట్టనివ్వరు, పెట్టకూడదు, ఇంట్లో కూడా తీసేయండి. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది, అందుకే ఇక్కడ దీని మీద ఇంత పట్టుదల. అలాగే మెడలో దిష్టి తాడు, గొలుసు తీసేసి పంపించు, ఎక్కడైనా తగులుకుంటే ప్రమాదం. దిష్టి అంటావా, అరికాలికి చుక్క పెట్టుకోండి, ఏం కాదు.

సరే, నేనైతే ఏం చేస్తానంటే, మొదటిదానికే, ఆ 19 ఉన్నదానికే మళ్ళీ వెళ్తా. వెళ్ళే ముందు ఫోన్ చెయ్యను. చేర్చాక అయితే తెరిచి ఉన్న టైమ్‌లో ఎప్పుడైనా ముందు చెప్పకుండా వెళ్ళి పిల్లాడిని చూసే హక్కు నీకు రూల్‌లోనే ఉంది, చేర్చకముందే వెళ్ళి టూర్ అడిగినప్పుడు ఎలా మాట్లాడతారో కూడా చాలా చెప్తుంది. పొద్దున పదింటికి వెళ్ళకు, ఆ టైమ్‌లో అందరూ బాగానే ఉంటారు, సర్కిల్ టైమ్, పాటలు, ఫుల్ స్టాఫ్. సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళు. షిఫ్ట్ అయిపోయిన టీచర్లు వెళ్ళిపోతుంటారు, మిగిలిన పిల్లల్ని తెచ్చి ఒకే గదిలో కలిపేస్తుంటారు, ఒక టీచర్‌కి ఇంతమంది పిల్లలే అనే రేషియో తప్పేది, చిన్నపిల్లల మీద పెద్దపిల్లలు పడేది ఎక్కువగా అప్పుడే, తలుపులు తీసే టైమ్‌లో కూడా. ఇన్‌ఫంట్ రూమ్‌లో నేను పనిచేసిన రోజుల్లో ఆ చివరి గంటే మాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది, ఒకళ్ళకి డైపర్ మారుస్తుంటే ఇంకొకళ్ళు ఏడుస్తుంటారు, గుమ్మం దగ్గర పేరెంట్ నిలబడి ఉంటారు.

రూమ్ గుమ్మం దగ్గర నిలబడి పిల్లల్ని లెక్కపెట్టు, పెద్దవాళ్ళని లెక్కపెట్టు. టెక్సాస్‌లో 0-11 నెలల వాళ్ళకి ఒక టీచర్ ఉంటే 4గురు పిల్లలే ఉండాలి, ఎంతమంది టీచర్లు ఉన్నా ఆ గ్రూప్ 10 దాటకూడదు. 12 నుంచి 17 నెలలకి ఒకరికి 5, 18 నెలలు రాగానే ఒక్కసారిగా 9, రెండేళ్ళకి 11. అవును, రెండేళ్ళ పిల్లలు 11 మందికి ఒక టీచర్, అది చట్టబద్ధమే. నాకైతే చాలా ఎక్కువ అనిపిస్తుంది, చిన్నపిల్లల చదువుల మీద పనిచేసే ఎన్‌ఏఈవైసీ వాళ్ళు ఆ వయసుకి 6గురికి ఒకరు ఉండాలంటారు. అందుకే డెఫిషియన్సీ లేదు అంటే స్టేట్ పెట్టిన కనీసపు గీతని అందుకున్నారు అని మాత్రమే అర్థం. వచ్చే ఏడాది మీవాడు ఆ రూమ్‌కి వెళ్ళినప్పుడు మీ సెంటర్‌లో నిజంగా ఎంతమందికి ఒకరిని పెడతారో ఇప్పుడే అడిగి పెట్టుకో.

క్రిబ్‌ల వైపు చూడు. ఏదైనా క్రిబ్ అంచు మీద దుప్పటి వేలాడుతోందా, స్వింగ్‌లో ఎవరైనా కళ్ళు మూతలు పడుతూ కూర్చున్నారా, టీచర్ అది గమనించి లేచి తీస్తోందా. గుమ్మం పక్కన పిల్లల పేర్ల షీట్ ఉంటుంది, గది మారినప్పుడల్లా టైమ్ వేసి లెక్క రాయాలి, అది రాస్తున్నారా, లేక పొద్దున్నుంచి ఖాళీగా ఉండి సాయంత్రం ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో గబగబా నింపేసినట్టు ఉందా. గోడకి లైసెన్స్, ఈమధ్య జరిగిన ఇన్‌స్పెక్షన్ కాగితం తగిలించి ఉండాలి, ఎక్కడో ఫ్రిజ్ వెనక ఉంటే కూడా నీకు కొంత అర్థమవుతుంది. కెమెరా ఫీడ్ ఇస్తాం, యాప్‌లో ఫోటోలు పంపిస్తాం అంటారు, మంచిదే, తీసుకో, కానీ ఆఫీస్ మీటింగ్‌లో ఉండి నువ్వు కెమెరా చూసే టైమ్ ఎంత. ఆ గదిలో ఉన్న మనిషే ముఖ్యం, ఇన్‌ఫంట్ రూమ్ లీడ్ టీచర్ ఎన్నేళ్ళుగా అక్కడ పనిచేస్తోందో తప్పకుండా అడుగు.

తర్వాత డైరెక్టర్‌తో కూర్చుని నేరుగా అడుగు, స్టేట్ సైట్‌లో స్వింగ్ గురించి రెండుసార్లు ఉంది కదా, రెండోసారి తర్వాత ఏం మార్చారు అని. ఇక్కడే తేలిపోతుంది తల్లీ. అవునండీ, ఆ తర్వాత స్వింగులు రూమ్‌లోంచి తీసేసాం, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే సేఫ్ స్లీప్ ట్రైనింగ్ ఇస్తున్నాం, గోడ మీద చార్ట్ పెట్టాం, చూడండి, అంటే ఆ సెంటర్ నాకు ఓకే. ఆ ఇన్‌స్పెక్టర్ చాలా స్ట్రిక్ట్ అండీ, చిన్నదానికి కూడా రాసేస్తుంది అన్నారంటే లేచి వచ్చెయ్. డిపాజిట్ కట్టి ఉన్నా సరే, వచ్చెయ్. ఇంకో చోటు వెతుకుదాం, ఇన్‌ఫంట్ రూములకి వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది కాబట్టి ఈ లోపు రెండు మూడు చోట్ల పేరు రాయించి పెట్టుకో.

ఇది చదివే వేరే స్టేట్ వాళ్ళకి ఒక ముక్క, పేర్లు మారతాయి గానీ పని ఇదే. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ వాళ్ళు తప్పుల్ని టైప్ ఏ, టైప్ బీ అని రాస్తారు, ఏ అంటే వెంటనే ప్రమాదం ఉన్నది. నార్త్ కరోలినాలో 1 నుంచి 5 స్టార్లు ఇస్తారు, ఆ స్టార్లు చూసి ఆగిపోకుండా విజిట్ రిపోర్టులు కూడా తెరవండి. న్యూజెర్సీలో చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ డిపార్ట్‌మెంట్‌లో ఆఫీస్ ఆఫ్ లైసెన్సింగ్ చూస్తుంది.

చేర్చాక ఏదైనా తేడాగా అనిపిస్తే ఏం చెయ్యాలని కూడా అడిగావు, వీసా మీద ఉన్నాం, కంప్లైంట్ ఇస్తే మనకేమైనా అవుతుందా అని. ఏమీ కాదు. డేకేర్ మీద కంప్లైంట్‌కి మీ హెచ్‌1బీకి ఏ సంబంధమూ లేదు. టెక్సాస్ హాట్‌లైన్ 1-800-252-5400, ఎప్పుడైనా చెయ్యొచ్చు, కంప్లైంట్ ఇచ్చిన వాళ్ళ పేరు బయటికి చెప్పరు. పైగా టెక్సాస్‌లో ఏ పిల్లాడికైనా హాని జరుగుతోందని అనుమానం వస్తే చెప్పడం టీచర్లకీ డాక్టర్లకే కాదు, ప్రతి ఒక్కరికీ చట్టప్రకారం బాధ్యత. ఒంటి మీద దెబ్బ కనిపించి, ఎలా తగిలిందో ఎవరూ చెప్పలేకపోతే ఆ రోజే ఫోటో తీసి, టైమ్ రాసుకుని, ఇన్సిడెంట్ రిపోర్ట్ కాగితం అడిగి తీసుకో. రేపు అడుగుదాంలే అనుకోకు.

అత్తయ్యగారు ఇంకా ఇక్కడే ఉన్నారు కదా, అది నీకు పెద్ద వరం. ఆవిడ ఫ్లైట్‌కి రెండు మూడు వారాల ముందే వాడిని మొదలుపెట్టు, మొదట రెండు గంటలు, తర్వాత సగం రోజు. ఇంటికొచ్చాక వాడు ఎలా ఉన్నాడో, పాలు ఎన్ని తాగాడో, ఒళ్ళు ఎలా ఉందో ఆరు నెలలుగా చూసినావిడకంటే బాగా ఎవరు కనిపెడతారు. టూర్‌కి వెళ్ళేటప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళు, సాయంత్రం ఐదు తర్వాత.